డార్మౌస్‌కు దక్కిన దయ

బ్రిటన్‌లో హేజెల్ డార్మౌస్ సంఖ్య 2000, 2022 సంవత్సరాల మధ్య 70 శాతం పడిపోయిందన్న లెక్క ప్రస్తావనకు వచ్చిన ప్రతిసారీ బంగారువన్నె బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్లు గల ఆ చిన్న ఎలుకజాతి జంతువు బొమ్మ తప్పనిసరిగా కనిపిస్తుంది. అదే దేశంలో, డార్బిషర్‌లోని ఒకే ఒక్క సున్నపురాతి వాగులో సుమారు మూడు చదరపు మీటర్ల మేర మాత్రమే పెరిగే ‘డార్బిషర్ ఈకమాస్’ అనే నాచు ఊసు ఎవరూ ఎత్తరు. కళ్లున్న ప్రాణికి దక్కే జాలి కళ్లు లేనిదానికి దక్కదన్నది చిరపరిచితమైన వాదమే.

అయితే డార్మౌస్‌పై జనం చూపిన ప్రేమ ఉత్తి జాలిగా మిగిలిపోలేదు; పనిగా మారింది. డార్మౌస్ కొరికిన హేజెల్ కాయకు గుండ్రని కన్నం ఉంటుంది. కన్నం లోపలి అంచు నున్నగా ఉండి, చుట్టూ పెంకుమీద పళ్ల గీతలు ఏటవాలుగా కనిపిస్తాయి. 1993లో సామాన్యులు అడవుల్లో ఇలాంటి కాయలేరి పంపడంవల్లే, రాత్రిపూట కొమ్మల్లో మసలే ఆ జంతువు ఎక్కడెక్కడ మిగిలిందో తెలిసింది. చెట్టుకు కట్టే గూటిపెట్టె కన్నాన్ని కాండం వైపు తిప్పి పెట్టడం, హేజెల్‌ను కొన్నేళ్లకొకసారి మొదలంటా నరికి పిలకలు వేయనిచ్చే ‘కాపిసింగ్’ అనే పాత పద్ధతిని మళ్లీ చేపట్టడం వంటి పనులన్నీ మనిషి చేతిమీదుగా జరగవలసినవే. ఆ నరుకుడు ఆగిపోయిన అడవిలో నీడ కమ్మి, డార్మౌస్‌కు తిండీ గూడూ ఇచ్చే పొదలు నశిస్తాయి.

మాస్‌కు కావలసింది ఇందుకు సరిగ్గా విరుద్ధం. చూడవచ్చినవారి అడుగులు, నమూనాకోసం గిల్లే వేళ్లు దానికి ముప్పే గనుక, పేరు ప్రచారంలో లేకపోవడమే దానికి రక్ష; బొమ్మ అచ్చువేయడం ఉపకారం కాదు. అలాగని దాన్ని దాని మానాన వదిలేసినా బతకదు. వేర్లు లేని ఈ మొక్క నీటినీ, అందులో కరిగినవాటినీ ఆకులతోనే నేరుగా పీల్చుకుంటుంది. సున్నపురాతి పగుళ్లగుండా దిగే నీరు ఎగువ పొలాల ఎరువునూ వెంట తెస్తుంది. కాబట్టి దాని సంరక్షణ వాగు ఒడ్డున కాక, పైనున్న పొలాల్లో సాగాలి. అక్కడి రైతుకు మొక్క ఎక్కడుందో చెప్పనక్కరలేదు. ఎరువు ఎంత వేయాలో, పశువులు ఊటల్లోకి దిగకుండా కంచె ఎక్కడ కట్టాలో చెప్పి, అందుకయ్యే ఖర్చు ఇస్తే చాలు.