అసత్యవార్తల వేగము: ఒక ప్రసిద్ధ పరిశోధనపై విమర్శ

సత్యముకంటె అసత్యము ఆరు రెట్లు వేగముగా వ్యాపించునను మాట ఇటీవల సభలలోను, పత్రికలలోను తరచుగా వినవచ్చుచున్నది. అసత్యవార్తలను అణచుటకు కఠినశాసనములు కావలెననువారిలో కొందరు దీనినే ప్రమాణముగా చూపుచున్నారు. ఈ మాటకు ఆధారమైన పరిశోధన నిజముగా చెప్పినదేమి? దానినుండి శాసనకర్తలు గ్రహింపదగినదేమి? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సొరూష్ వొసూఘీ, డెబ్ రాయ్, సినాన్ అరాల్ అను మువ్వురు 2018 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఈ పరిశోధనను ప్రకటించిరి. 2006 నుండి 2017 వరకు ట్విట్టరులో (ఇది 2023లో 'ఎక్స్' అని పేరు మార్చుకొన్నది) వ్యాపించిన దాదాపు 1,26,000 వార్తాపరంపరలను వారు పరీక్షించిరి. ఒకరు వ్రాసిన వార్తను ఇతరులు వరుసగా మరల పంపగా ఏర్పడు గొలుసే పరంపర. ఏది సత్యమో, ఏది అసత్యమో నిర్ణయించుటకు వార్తలను పరిశీలించు ఆరు స్వతంత్ర సంస్థల తీర్పులను ఆధారముగా గైకొనిరి. 1,500 మందిని చేరుటకు అసత్యమునకు పట్టిన కాలముకంటె సత్యమునకు సుమారు ఆరు రెట్ల కాలము పట్టినట్లు తేలినది.

ఈ కృషిలో మిక్కిలి మెచ్చదగినది ఒకటి కలదు. మనుష్యులవలె నటించి వార్తలను పంపు యంత్రకార్యక్రమములను గుర్తించి, వానిని తొలగించియు లెక్కచూచిరి. అయినను ఫలితము మారలేదు; యంత్రములు సత్యాసత్యములను రెంటిని సమానముగనే త్వరపరచినవి. కావున భేదమునకు ముఖ్యకారణము మనుష్యులే. అసత్యవార్తలలో క్రొత్తదనము అధికమనియు, వానికి వచ్చిన ప్రత్యుత్తరములలో ఆశ్చర్యము, భయము, ఏవగింపు ఎక్కువగా కనిపించెననియు వారు చూపిరి.

అయినను పరిమితులు లేకపోలేదు. పరీక్షింపబడినవన్నియు ఎవరో ఒకరు శంకించి విచారించిన వార్తలు. రేపటి వర్షసూచన, పరీక్షల తేదీలు మొదలగు నిర్వివాదవిషయములు ఈ లెక్కలోనికి రాలేదు. ఇట్టి ఆక్షేపణను ఊహించి పరిశోధకులు సుమారు 13,000 పరంపరలుగల రెండవ నమూనాను గూడ పరీక్షించి, అట్టి ఫలితమునే పొందిరి. కాని అదియు వదంతులనుండి ఏరినదే. కనుక లోకములోని సత్యమంతయు మందగామి యనుట ఈ పరిశోధన ఇయ్యని తీర్పు. 2021లో యూల్, ఉగాండర్ అను శాస్త్రజ్ఞులు ఈ సమాచారమునే తిరిగి పరిశీలించి, సమానపరిమాణముగల పరంపరలను పోల్చినచో వాని ఆకృతిలోని భేదము దాదాపు మాయమగునని చూపిరి. అనగా అసత్యమునకు ప్రత్యేకమైన మార్గమేదియు లేదు. దానిని ఇతరులకు పంపుటకు మనము కొంచెము ఎక్కువగా ఉత్సహించుచున్నాము.

ఇక శాసనము మాట. వదంతులవలని ప్రమాదము చిన్నది కాదు. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, భిక్షకు వచ్చిన ఐదుగురు సంచారజాతివారిని పిల్లల నెత్తుకొనిపోవువారని భ్రమించి మూక చంపివేసెను. ఐనను సత్యనిర్ణయాధికారమును ఒక్కరిచేతిలో పెట్టవచ్చునా? తన వ్యవహారములనుగూర్చిన వార్తలలో అసత్యమేదో తేల్చు విభాగమును తానే నియమించుకొనునట్లు కేంద్రప్రభుత్వము 2023 ఏప్రిలులో నియమములను సవరించెను. కక్షిదారే న్యాయాధిపతి యగు ఈ ఏర్పాటును బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. పై పరిశోధనలో ఆ సంస్థల తీర్పులు 95 శాతమునకు తగ్గకుండ ఏకీభవించుటయే మన విశ్వాసమునకు ఆధారము. శాస్త్రములో ఏ ఒక్కరి మాటయు ప్రమాణము కాదు గదా!

సత్యాసత్యములను నిర్ణయింపకయే వేగమును తగ్గించు ఉపాయము వేరొకటి కలదు. 2018 జూలైలో వాట్సాప్ సంస్థ, మనదేశమున ఒక సందేశమును ఒకమారు ఐదు సంభాషణలకు మించి పంపరాదని హద్దు పెట్టెను. దీని ప్రభావమును విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. ఎవరికిని రెండుమారులు చేరదనుకొందము. ప్రతివారును 20 మందికి పంపినచో నాలుగవ అంచెలో 1,60,000 మందికి చేరును. ఐదుగురికే పంపినచో 625 మందికి మాత్రమే. కాని ఐదుగురి లెక్కలో గూడ ఎనిమిదవ అంచె 3,90,625 అగును. హద్దు వదంతిని ఆపలేదు. మనకు కొంత వ్యవధి నిచ్చును.

ఆ వ్యవధిలో చేయదగిన పనికి తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా ఉదాహరణము. 2018లో పిల్లలదొంగల వదంతులు వ్యాపించినపుడు, పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఆధ్వర్యమున పోలీసులు గ్రామగ్రామమునకు పోయి, డప్పులతో, జానపదగీతములతో ప్రజలకు నచ్చజెప్పిరి.

శాసనము వేగమునకు కళ్ళెము వేయవచ్చును. విచారణబుద్ధిని మాత్రము ఈయజాలదు. అది పాఠశాలలో అలవడవలసినది. ఈ సంగతి ఎవరు చెప్పిరి, ఎట్లు కనుగొనిరి, దేనిని లెక్కలోనికి తీసికొనలేదు అను మూడు ప్రశ్నలను ఉపాధ్యాయులు తరగతిలో వేయింపవలెను. మొదటి అభ్యాసమునకు 'ఆరు రెట్లు' అను ఆ మాటనే తీసికొనవచ్చును.