నేనెవరు? మీరేంటోళ్ళు?

ఆధ్యాత్మిక గ్రంథాలన్నిటికీ మూలం ఒకటే ప్రశ్న అంటారు - 'నేనెవరు?'. మా ప్రాంతంలో ఆ ప్రశ్న మాకు మేం వేసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. హోటల్లో, అద్దె ఇంటి గుమ్మంలో, పెళ్ళి పందిట్లో ఎవరో ఒకరు అడుగుతానే ఉంటారు - 'మీరేంటోళ్ళు?' అని. జవాబు చెప్పేదాకా కూడా ఆగరు. పేరు విని, ఊళ్ళో ఏ దిక్కు నుంచి వచ్చామో చూసి వాళ్ళే తేల్చేస్తారు. ఆత్మను విచారించే పుస్తకాలు ఈ రెండో ప్రశ్నను ఏం చేశాయన్నదే ఇక్కడ నేను చూడదలుచుకున్నది.

ఇదెందుకు ఇప్పుడంటే, మీటింగులకు పోయినప్పుడు హాస్టల్ పిల్లలు పక్కకు పిలిచి అడుగుతున్నారు. 'సార్, ఉద్యమం పుస్తకాలు చదివాం. మనసు నిమ్మళంగా ఉండటానికి ఏదన్నా పుస్తకం చెప్పండి' అని. నవ్వి కొట్టిపారేసే మాట కాదిది. మతం అనంగానే మత్తుమందు అని ఒక్క ముక్కలో తేల్చేసే విమర్శకులు మనలోనూ ఉన్నారు. కానీ మావోళ్ళు కూడుతో పాటు అర్థాన్ని కూడా వెతికారు. చెప్పులు కుడతా వెతికారు, డప్పు పక్కన పెట్టి వెతికారు. ఆ వెతుకులాటను అగ్రవర్ణాల పుస్తకం దాచిపెడితే, మన విమర్శ ఎగతాళి చేసింది. రెండూ నాకు సమ్మతం కావు.

రమణ మహర్షి 'నేనెవరు' చాలా చిన్న పుస్తకం. 1902 ప్రాంతంలో మౌనంగా ఉన్న యువకుడు శివప్రకాశం పిళ్ళై అడిగిన ప్రశ్నలకు రాసి చూపించిన జవాబులు అవి. శరీరం నేను కాదు, మనసు నేను కాదు అని ఒక్కొక్కటే తీసేసుకుంటా పోతాడు. ఆ తర్కంలో బలం ఉంది, కాదనను. శరీరమే నేను కాకపోతే కులం నేనెట్లా అవుతుంది? ఆ లెక్కన ఆ పుస్తకం చదివిన ప్రతివాడూ ముందు కులాన్ని తీసి అవతల పారెయ్యాలి గదా! మరి ఆశ్రమంలో ఏం జరిగింది? భోజనశాలలో బ్రాహ్మణులకు ఒక పక్క, మిగతా వాళ్ళకు ఒక పక్క, నడుమ అడ్డు ఉండేదని ఆయన దగ్గరున్న భక్తులే రాసుకున్నారు. మహర్షి రెండు పక్కలకూ కనపడేట్టు కూచునేవారట. భక్తులు దాన్ని సమదృష్టికి గుర్తుగా చెప్పుకుంటారు. నేను చదివినప్పుడు నా చూపు మాత్రం ఆ అడ్డు మీదే ఆగింది. శరీరం నేను కాదని తేల్చుకున్నవాళ్ళ శరీరాలు విస్తరి ముందు కూచోగానే మళ్ళీ బ్రాహ్మణ శరీరాలు అయిపోయాయి.

పరమహంస యోగానంద 1946లో రాసిన 'ఒక యోగి ఆత్మకథ' సంగతి వేరు. చదివిస్తుంది. మహిమలు పక్కన పెట్టినా కథనం పట్టుకుంటుంది. అయితే ఆ అన్వేషణ మొత్తం ఇల్లు వదలటంతో మొదలవుతుంది. తండ్రి రైల్వేలో పెద్ద ఉద్యోగి. పిల్లవాడు హిమాలయాలకు పారిపోతే వెనక్కి తీసుకురావటానికి ఇంట్లో మనుషులున్నారు. తర్వాత గురువు దొరికితే, ఆ గురువు ముందు కాలేజీలో చేరమంటాడు. నాకు అర్థమైంది ఏమంటే, వదులుకోవటానికి ముందు ఉండాలి. మా నాయన ఇల్లు వదిలి పోతే దాన్ని వలస అంటారు, సన్యాసం అనరు. మా చలం కూడా ఉన్నాడు. సంఘాన్నంతా ఎదిరించి, అలిసిపోయి 1950లో అరుణాచలం పోయి, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. నేను చలాన్ని తప్పుపట్టటం లేదు. అలిసిపోయిన మాదిగకు పోవటానికి అట్లాంటి కొండ ఒకటి ఉందా అని మాత్రం అడుగుతున్నా.

గీత గురించి ఎక్కువ చెప్పను. 1923లో మొదలైన గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ దాన్ని చవకగా అచ్చేసి ఊరూరా చేర్చింది. మా వాడకు కూడా చేరింది. నాలుగో అధ్యాయం పదమూడో శ్లోకం దగ్గర నాలుగు వర్ణాలు, గుణకర్మలు అని ఉంటుంది. గుణాన్ని బట్టే గానీ పుట్టుకను బట్టి కాదని వ్యాఖ్యాతలు మనకు నచ్చజెబుతారు. మంచిదే. పుట్టకముందే గుణం కనిపెట్టే ఆ విద్య ఏదో మా ఊరి పెద్దలకు బాగా వచ్చు. మూడో అధ్యాయంలోనూ పద్దెనిమిదో అధ్యాయంలోనూ పరాయి ధర్మం ఎంత బాగా చేసినా దానికన్నా లోపమున్న స్వధర్మమే మేలంటాడు. అర్జునుడికి ఆ మాట ధైర్యం ఇచ్చిందేమో. చచ్చిన గొడ్డును మోసుకుపోయేవాడికి అదే మాట సంకెల.

నన్ను నిద్రపోనియ్యని కథ వేరే ఉంది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు కక్కయ్య కథ. బ్రహ్మం కాలజ్ఞానం అందరికీ తెలుసు. కందిమల్లాయపల్లె మఠం తెలుసు. 1984లో రామారావు సినిమా కూడా తీశాడు. దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య శిష్యులు అనగానే మనవాళ్ళు సంతోషపడి అక్కడ ఆగిపోతారు. కథ అక్కడ ఆగదు. మనిషి శరీరంలో చక్రాలున్నాయనీ, ఒక్కో చక్రంలో ఒక్కో దేవత ఉందనీ బ్రహ్మం సిద్దయ్యకు బోధ చేస్తుంటే కక్కయ్య విన్నాడు. ఇంటికి పోయాడు. నిద్రపోతున్న పెళ్ళాన్ని కోసి చూశాడు. ఏ దేవతా కనపడలేదు. తిరిగి వచ్చి గురువును అబద్ధమాడావని నిలదీశాడు. బ్రహ్మం వచ్చి, దేవతల్ని చూపించి, ఆమెను బతికించాడు. కక్కయ్య కాళ్ళమీద పడ్డాడు. 

ఈ కథను అగ్రవర్ణంవాడు చెప్పేటప్పుడు కక్కయ్య మూఢుడు. తత్వం అర్థంకాని మొరటువాడు. నేను అట్లా చదవను. గొడ్డు చర్మం ఒలిచి, పేగులు తీసి, ఎముక ఎక్కడుందో నరం ఎక్కడుందో చేతులతో తెలిసినవాడు కక్కయ్య. శరీరం లోపలేముందో ఆ సభలో తెలిసింది అతనొక్కడికే. 'లోపల దేవతలున్నారు' అన్న మాటను అతను ఉపమానంగా వినలేదు, సమాచారంగా విన్నాడు. తనకు తెలిసిన పనితనంతో పరీక్షించాడు. రుజువు దొరక్కపోతే గురువు మొహం మీదే అబద్ధమన్నాడు. ఇంత సూటిగా గురువును ప్రశ్నించిన శిష్యుడు మన ఆధ్యాత్మిక సాహిత్యంలో ఎంతమంది ఉన్నారు?

కానీ కథను ఇక్కడితో ముగించి చంకలు గుద్దుకోవటానికి నాకు మనసొప్పదు. ఆ పరీక్ష ఎవరి ఒంటిమీద జరిగింది? మా వాడలో ముసలోళ్ళు చెప్పే కథలో ఆమెకు పేరు లేదు. కక్కయ్య పెళ్ళాం, అంతే. గురువు మాట నిజమా కాదా అని మగవాళ్ళిద్దరి మధ్య తగువు. కోతపడింది ఆమెకు. లేచినాక ఆమె ఏమందో ఏ పుస్తకమూ రాసుకోలేదు. మా అమ్మ ఈ కథ విన్న ప్రతిసారీ 'ఆయమ్మ లేసినాక ఆడితో కాపరం చేసిందా?' అని అడిగేది. వీరబ్రహ్మం మీద నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటి కంటే ఆ ప్రశ్న పెద్దది. దళిత స్త్రీలు మన విమర్శను అడుగుతున్నది కూడా ఇదే. మాదిగవాడి తిరుగుబాటును మెచ్చుకునేటప్పుడు కత్తి కింద ఎవరున్నారో చూడమని.

మా ఒంగోలు సీమలో ఈ యోగం, గురువులు మాదిగవాడల్లో బాగా తిరిగారు. దానికి సాక్ష్యం ఒక పుస్తకంలో ఉంది. మిషనరీ క్లౌ భార్య ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ 1899లో లండన్‌లో అచ్చేసిన 'వైల్ సూయింగ్ శాండల్స్', అంటే 'చెప్పులు కుడతా కుడతా' అని. మాదిగ పెద్దలు చెప్పింది విని రాసింది. అందులో తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య ఉంటాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. క్రైస్తవంలోకి రాకముందే రాజయోగం నేర్చి, తన వెంట శిష్యుల్ని కూడగట్టుకున్నవాడు. రొట్టెముక్కకు మతం మారారని మనల్ని ఎద్దేవా చేసేవాళ్ళు పేరయ్యను చదవాలి. ఇంకో ఇరవై ఏళ్ళకు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారంటే... కాదు, లెక్క సరిగ్గా చెప్పాలి, పేరయ్య వచ్చింది 1866లో, మధ్యలో పన్నెండేళ్ళే. అంతకుముందు కరువులో క్లౌ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావోళ్ళకు పని చూపించాడు. కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటికోసం వస్తున్నారన్న మాట పడకూడదని.

ఆ 1866లోనే ఇంకో సంగతి. ఒంగోలు బ్రాహ్మణ పెద్దలు కొందరు క్లౌ మాటలు వినటానికి వచ్చేవాళ్ళు. మాదిగలు రావటం మొదలుకాగానే, వాళ్ళను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులు ఎటూ తేల్చుకోలేక విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు వచ్చిందట. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం. మహిమ అవునో కాదో నాకు అక్కర్లేదు. ఒక పుస్తకం తెరిచినప్పుడు మా వైపు తెరుచుకోవటమనేది మా చరిత్రలో అదే మొదలు. మా అమ్మ బైబిలు ఆ పేజీ దగ్గర నలిగిపోయి ఉండేది.

ఆ దేవుడికి కూడా ఇక్కడ కులం అంటించారనుకోండి. చర్చీలో బెంచీలు వేరు, సమాధులు వేరు అయిన ఊళ్ళు ఉన్నాయి. సర్కారు ఇంకో మెలిక పెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులంవాడు హిందువై ఉండాలన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. అందుకే ఆదివారం పాటలు పాడిన నోటితోనే సోమవారం ఆఫీసులో హిందువునని చెప్పాల్సి వస్తుంది. దేవుణ్ణి వెతికినందుకు సర్టిఫికెట్ పోగొట్టుకునే అన్వేషకుడు యోగానంద పుస్తకంలో కనపడడు.

జాషువాకు ఈ బాధ తెలుసు. అందుకే 1941లో 'గబ్బిలం' రాశాడు. గుళ్ళోకి పోగలిగేది గబ్బిలమే గనక దానితో కాశీ విశ్వనాథుడికి కబురు పెట్టాడు. దేవుడి కోసం అన్వేషణ కాదది, దేవుడి మీద ఫిర్యాదు.

ఇక అంబేద్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకుని, డిసెంబరు 6న పోయాడు. పుస్తకం 1957లో వచ్చింది. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడనే కథను ఆయన ఒప్పుకోడు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ముసలివాణ్ణి చూడనివాడుంటాడా అని అడుగుతాడు. ఆయన చెప్పిన కారణం నీళ్ళు. రోహిణి నది నీళ్ళ దగ్గర శాక్యులకూ కోలియులకూ తగువొచ్చింది. శాక్య సంఘం యుద్ధమని తీర్మానించింది. సిద్ధార్థుడు కాదన్నాడు. మెజారిటీని ఎదిరించినందుకు శిక్ష ఏమిటంటే ఉరో, దేశం విడవటమో. లేదంటే కుటుంబాన్ని వెలేసి భూములు గుంజుకోవటం. తనవాళ్ళమీద పడకుండా తనే పోతానన్నాడు.

1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టినవాడు రాసిన బుద్ధచరిత్ర ఇట్లా కాక ఇంకెట్లా ఉంటుంది! అదే పుస్తకంలో ఆనందుడు చండాలిక ప్రకృతిని మంచినీళ్ళు అడుగుతాడు. నేను తక్కువదాన్నంటే, నాకు కావాల్సింది నీళ్ళు, నీ కులం కాదంటాడు. 'మీరేంటోళ్ళు?' అనే ప్రశ్నకు ఒక ఆధ్యాత్మిక గ్రంథం నేరుగా చెప్పిన జవాబు అది. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి కడుగుతుంటే అడ్డం చెప్పినందుకు, సువార్తమ్మ బిందె ఎత్తినందుకు, మర్నాడు 17న మావోళ్ళను వెంటపడి చంపారు. ఆరుగురు. చుండూరులో 1991 ఆగస్టు 6కు ముందు వెలి. రోహిణి, చవదార్, కారంచేడు - నీళ్ళూ వెలీ తెలిసినవాళ్ళకు ఈ పుస్తకానికి వ్యాఖ్యాత అక్కర్లేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. పొడుగెక్కువ. ఒకే మాట నాలుగుచోట్ల వస్తుంది. పాళీ పండితులు ఆధారాలు చూపలేదని దెబ్బలాడారు; బౌద్ధానికే మూలమనుకునే నాలుగు సత్యాల్ని కూడా ఆయన అనుమానించాడని కోపగించుకున్నారు. నా అభ్యంతరం వేరు. మనవాళ్ళు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి అగరొత్తులు వెలిగిస్తున్నారు. బైబిలు లాగా వాక్యాలకు అంకెలు వేసి రాసిన పుస్తకం అది, పదిమందిలో చదవటానికి. మా వాడలో అట్లాగే చదువుతున్నాం, చర్చీ అయినాక, అరుగుమీద. 

రోహిణి అధ్యాయం చదివిన రోజు ఒక పెద్దామె అడిగింది - 'ఆ నీళ్ళ తగువు తీరిందా మరి?'. తీరిందని చెప్పాను. సిద్ధార్థుడు పోయినాక శాక్యులూ కోలియులూ రాజీ పడ్డారు, ఆ సంగతి ఆయనకు కబురు కూడా వచ్చింది. 'అయితే ఇంటికి రావచ్చుగా, పెళ్ళాం బిడ్డ ఉండారుగా' అంది. ఆయన కూడా అదే ఆలోచించాడు, ఒక తగువు తీరినా మనుషుల్లో వర్గాల మధ్య పోరు తీరలేదు గదా అనుకున్నాడు, అక్కణ్ణించే అసలు వెతుకులాట మొదలైంది అని తర్వాతి పేజీలు చదివాను. పెద్దామె ఒప్పుకోలేదు. యశోధరను అడిగాడా లేదా చూడమంది. వెనక్కి తిప్పి ఆ పేజీ మళ్ళీ చదవాల్సొచ్చింది. ఆయన చెప్పిపోయాడనీ, ఆమె ధైర్యంగా పంపిందనీ అంబేద్కర్ రాశాడు. 'ఆ మాట ఆయమ్మ రాసిందా, ఈయన రాసిండా?' అంది. ఆ మీద జరిగిన తగువులో ఆ పూటకు చదువు ముందుకు సాగలేదు.