అక్వేరియం హీటర్లు: అట్టపెట్టె మీద రాయని సంగతులు

చిన్న తొట్టెలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు పెంచుకునేవారికి హీటరుతో పని లేదు. మన వాతావరణంలో అవి హాయిగానే బతుకుతాయి. కానీ మీరు నాలుగు వందల లీటర్ల తొట్టె కట్టించుకుని అందులో డిస్కస్ చేపలు పెంచాలనుకున్నారనుకోండి. అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన ఈ చేపకు నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. ఢిల్లీలోనో లక్నోలోనో జనవరి రాత్రి గదిలో 14, 16 డిగ్రీలు ఉండటం మామూలే. హైదరాబాదు, బెంగుళూరుల్లో అంత చలి ఉండదు గాని, అక్కడా డిసెంబరులో తొట్టె నీళ్లు 28 దగ్గర వాటంతటవి నిలబడవు. అప్పుడు మీరు దుకాణానికి వెళతారు. దుకాణదారు వేసే మొదటి ప్రశ్న, "ఎన్ని లీటర్లండీ?" మీరు చెప్పిన అంకెను బట్టి ఒక గాజు గొట్టం తీసి చేతిలో పెడతాడు. లీటరుకు ఒక వాట్, ఇదీ ఆయన లెక్క. చాలా పెట్టెల మీదా, పుస్తకాల్లోనూ ఉన్న లెక్క కూడా ఇదే.

నా తగాదా అంతా ఈ లెక్కతోనే. లీటర్లు చెప్పేది తొట్టెలో ఎంత నీరుందో, దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి ఎంత శక్తి పడుతుందో మాత్రమే. ఒకసారి వేడెక్కిన నీటిని అలాగే నిలబెట్టడానికి ఎంత కావాలన్నది వేరే ప్రశ్న. వేడి బయటికి పోయేది గాజు పలకల గుండా, నీటి పైభాగం నుంచి ఆవిరి రూపంలో. కాబట్టి నష్టం తొట్టె ఉపరితలాన్ని బట్టి, గదికీ నీటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. తొట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ రెట్టింపు చేస్తే నీరు ఎనిమిది రెట్లవుతుంది, ఉపరితలం నాలుగు రెట్లే అవుతుంది. అందువల్ల తొట్టె పెద్దదయ్యేకొద్దీ లీటరుకు కావలసిన వాట్లు తగ్గుతాయి. గ్లాసులో పోసిన వేడినీళ్లు చల్లారినంత త్వరగా గంగాళంలో నీళ్లు చల్లారవని ఇంట్లో అందరికీ తెలుసు. హీటరు కొనేటప్పుడు మాత్రం ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఒకటిన్నర మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, 55 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 400 లీటర్లు పడతాయి. పైన మూత ఉంటే, నీరు గదికన్నా వేడిగా ఉన్న ప్రతి డిగ్రీకీ దీని నుంచి 17 వాట్ల దాకా వేడి పోతుంది. మూత లేకపోతే ఇంకా ఎక్కువ పోతుంది. గదిలో 16, నీటిలో 28 ఉండాలంటే తేడా 12 డిగ్రీలు, కావలసింది సుమారు 200 వాట్లు. దుకాణదారు లెక్క ప్రకారం 400 కావాలి. అది లేదంటూ ఆయన 500 వాట్లది ఇస్తాడు. అంటే ఢిల్లీ చలికి కూడా అది అవసరానికి రెండున్నర రెట్లు. చెన్నైలో, రాత్రి గది 24కు దిగకుండా ఉండే ఇంట్లో, 70 వాట్లు చాలు. అక్కడ అదే హీటరు ఏడు రెట్లు ఎక్కువన్నమాట.

"ఎక్కువైతే పోయేదేముంది, చాలినంత వేడెక్కాక అదే ఆగిపోతుంది కదా" అని మీరు అడగవచ్చు. ఆగినంతకాలం పోయేదేమీ లేదు. ఆగకపోతే ఏమవుతుందో చూడాలి.

మామూలు గాజు గొట్టపు హీటరులో వేడి పుట్టించే నిక్రోమ్ తీగ చుట్ట ఒకటి, దానిపైన థర్మోస్టాట్ ఒకటి ఉంటాయి. చాలావాటిలో ఈ థర్మోస్టాట్ ఒక ద్విలోహ పట్టీ. వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికించి చేసిన ఈ పట్టీ వేడెక్కితే వంగుతుంది, వంగితే కాంటాక్టులు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది. చల్లారితే మళ్లీ కలుస్తాయి. కాంటాక్టులు తటాలున కలిసి తటాలున విడిపోవడానికి పక్కనే చిన్న అయస్కాంతం పెడతారు. తెలివైన ఏర్పాటే, కాదనను. అయితే ఇందులో రెండు బలహీనతలున్నాయి.

మొదటిది, ఈ పట్టీ కొలిచేది నీటి ఉష్ణోగ్రతను కాదు, గొట్టం లోపలి ఉష్ణోగ్రతను. కింద తీగ చుట్ట రగులుతుంటే ఆ సెగ పట్టీకి ముందే తగులుతుంది. నీరు ఇంకా వేడెక్కకముందే అది తెగుతుంది, కాసేపటికి మళ్లీ కలుస్తుంది. నీరు సరిగా కదలని మూలలో పెట్టిన హీటరయితే ఇలా నిమిషాల మీద వెలిగి ఆరుతూ ఉంటుంది. రెండోది, కాంటాక్టులు విడిపోయే ప్రతిసారీ చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపు లోహాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక ఒకరోజు రెండు కాంటాక్టులూ అతుక్కుపోతాయి. ఇక పట్టీ ఎంత వంగబోయినా అవి విడిపోవు. హీటరులోని చిన్న దీపం మామూలుగానే వెలుగుతూ ఉంటుంది, చూసేవారికి ఏ అనుమానమూ రాదు.

ఇప్పుడు మన 400 లీటర్ల తొట్టెలో 500 వాట్ల హీటరు రాత్రి పది గంటలకు ఇలా అతుక్కుందనుకోండి. గదిలో 24 డిగ్రీలు, నీటిలో 28. ఇంత నీటిని ఒక డిగ్రీ పెంచడానికి పట్టేది దాదాపు అర యూనిట్ కరెంటు. అంటే గంటకు ఇంచుమించు ఒక డిగ్రీ. లెక్క ప్రకారం ఉదయం ఆరు గంటలకు నీరు 34 దాటుతుంది. మీరు గమనించకుండా ఆఫీసుకు వెళ్లిపోతే మధ్యాహ్నం రెండింటికి 39కి చేరుతుంది. వేడి పెరిగేకొద్దీ చేప శరీరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 34 దగ్గర కరిగేది ఏడు చిల్లర. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకోవడం అందుకే.

అదే తొట్టెలో 500 వాట్లది ఒకటి కాకుండా 150 వాట్లవి రెండు పెట్టారనుకుందాం. ఒకటి అతుక్కుంది. నీరు కాస్త పెరగగానే రెండోది తనంతట తాను ఆగుతుంది. ఉదయం ఆరింటికి నీరు 29. ఇంకా రెండు రోజులు ఎవరూ చూడకపోయినా, గది 24 దగ్గరే ఉంటే, 33 దాటదు. మరి వాటిలో ఒకటి పూర్తిగా ఆరిపోతే? గదిలో 16 డిగ్రీలున్న ఢిల్లీ రాత్రి కూడా మిగిలినది ఒక్కటీ నీటిని 24, 25 దగ్గర ఆపుతుంది. డిస్కస్‌కు అది ఇబ్బందే గాని చావు కాదు. పెద్ద తొట్టెలో ఉన్న గొప్ప సుగుణం నిదానం. అతి శక్తివంతమైన ఒకే హీటరు పెట్టి ఆ నిదానాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

అందుకే పెద్ద తొట్టెలకు పెద్ద హీటరు అంటూ అమ్మే పద్ధతిని నేను ఒప్పుకోలేను. డిగ్రీలో పదో వంతు కచ్చితత్వం గురించి పెట్టె మీద రాసినదంతా చదివి మురిసిపోనక్కర్లేదు. చేపకు అర డిగ్రీ తేడాతో పేచీ లేదు. ఆ పరికరం చెడిపోయేటప్పుడు ఏ వైపు చెడిపోతుంది, ఎంత వేగంగా చెరుపు చేస్తుంది అన్నదే కొనేవారు తేల్చుకోవలసిన సంగతి.

దుకాణంలో దొరికే రకాలను ఈ కొలతతోనే చూడండి. 25, 26 డిగ్రీల దగ్గర ముందే బిగించి ఇచ్చే చవక హీటర్లు పెద్ద తొట్టెకు పనికిరావు. మరమెత్తుతో తిప్పుకోగల గాజు గొట్టపువి ఫరవాలేదు, అయితే మీట మీద అంకెలను నమ్మకండి, ఒకటి రెండు డిగ్రీల తేడా సామాన్యం. టైటానియం గొట్టాలు పగలవు, ఉప్పునీటికీ తుప్పు పట్టవు. అయితే వాటిలో చాలావాటికి లోపల థర్మోస్టాట్ ఉండదు, బయటి కంట్రోలరు చెడితే అడ్డుకునేది మరేదీ లేదు. పైగా లోహం కాబట్టి ఎర్తింగ్ తప్పనిసరి. పగలని తొడుగు ఉన్నంత మాత్రాన భద్రమనుకోవడం కూడా పొరపాటే. మెరైన్‌లాండ్ పేరుతో అమెరికాలో అమ్మిన స్టెల్త్ హీటర్లు గాజుకు బదులు నల్లని తొడుగుతో వచ్చాయి. లోపలి వైరింగ్ లోపం వల్ల అవి అతిగా వేడెక్కి పగలవచ్చనీ, నిప్పు అంటుకోవచ్చనీ చెప్పి 2011లో పది లక్షలకు పైగా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అక్వేరియం పరికరాల భద్రతకు 60335-2-55 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. పెట్టె మీద ఆ సంఖ్య ఉందేమో చూడండి.

ఇక కంట్రోలర్ల సంగతి. ఇవి హీటరుకు బయట ఉండి, నీటిలో వేలాడే సెన్సరుతో ఉష్ణోగ్రతను కొలిచి, రిలే ద్వారా హీటరు కరెంటును ఆపుతాయి, ఇస్తాయి. గొట్టం సెగతో సంబంధం లేకుండా అసలు నీటినే కొలవడం వీటి మొదటి లాభం. రెండో లాభం ఇంకా పెద్దది. కంట్రోలరును 28 దగ్గర పెట్టి, హీటరులోని థర్మోస్టాట్‌ను 29న్నర దగ్గర పెట్టండి. రోజూ ఆపే పని కంట్రోలరుదే కాబట్టి లోపలి కాంటాక్టులకు అరుగుదల ఉండదు. కంట్రోలరు రిలే అతుక్కున్న రోజున ఆ తాజా కాంటాక్టులు అడ్డుపడతాయి. రెండూ ఒకేసారి చెడితే తప్ప తొట్టె ఉడకదు.

చాలామంది కొనే ఎస్‌టీసీ-1000 అనే చిన్న డిజిటల్ కంట్రోలరు మంచిదేనా అంటే, లోపలి సరుకు మంచిదే, అమ్మే తీరు మంచిది కాదు. దాని రిలే 10 ఆంపియర్లకు చేసినది. మన 300 వాట్ల హీటర్లు 230 వోల్టుల దగ్గర లాగేది 1.3 ఆంపియర్లే. అయితే అది ఏదో ఒక పెట్టెలో బిగించడానికి తయారైన పరికరం. వెనకవైపు కరెంటు స్క్రూలు బయటికే ఉంటాయి. దాన్ని అలాగే తొట్టె పక్కన, తడి చేతులకు అందేచోట వేలాడదీసిన ఇళ్లు ఎన్నో. ఎలక్ట్రీషియన్‌తో మూత ఉన్న పెట్టెలో పెట్టించలేకపోతే ప్లగ్గు, సాకెట్టు బిగించి అమ్మే రకమే కొనండి. ధర ఎక్కువైనా సరే, ఉష్ణోగ్రత హద్దు దాటితే కూత పెట్టేదయితే మరీ మంచిది.

కొన్నాక చేసే తప్పు ఇంకొకటుంది. ఎన్ని డిగ్రీల తేడాకు ఆగి మళ్లీ వెలగాలో మీరే నిర్ణయించే వీలుంటుంది కదా, చాలామంది దాన్ని అన్నిటికన్నా తక్కువకు తిప్పుతారు. అర డిగ్రీ దగ్గర పెడితే మన తొట్టెలో హీటరు చలికాలంలో రోజుకు ఏడెనిమిది సార్లు వెలిగి ఆరుతుంది. మరీ సన్నగా పెడితే ప్రతి చిన్న అలకూ రిలే టకటకలాడుతుంది. సాధారణ రిలే పూర్తి లోడు మీద లక్షసార్లు పనిచేస్తుందని చెబుతారు. గంటకు ఇరవై సార్లు కొట్టుకుంటే ఆ లక్ష ఏడు నెలల్లో అయిపోతుంది.

సెన్సరును ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. ఫిల్టరు నీరు పారేచోట, హీటరుకు దూరంగా, నీళ్లు మార్చేటప్పుడు మట్టం తగ్గినా మునిగే ఉండేంత లోతున కట్టాలి. సెన్సరు జారి బయటపడితే అది గది చలిని కొలుస్తుంది, నీళ్లు చల్లగా ఉన్నాయనుకుని కంట్రోలరు హీటరును ఆపనే ఆపదు. యంత్రం చెడకుండానే జరిగే ప్రమాదం ఇది. సెన్సరు కచ్చితత్వాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. దంచిన మంచుగడ్డను కొద్ది నీటితో కలిపి అందులో ముంచితే సున్నా చూపాలి. గాజుకు అతికించే రంగుల పట్టీని మాత్రం నమ్మకండి, అది సగం గది గాలినే కొలుస్తుంది.

మన కరెంటు గురించి కూడా ఒక మాట. హీటరు శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. ఊళ్లో వోల్టేజి 180కి పడితే 300 వాట్ల హీటర్లు ఇచ్చేది 185 వాట్ల లోపే. అలాంటి చోట వాట్లు పెంచే బదులు తొట్టె వెనకవైపు, పక్కలకు, అడుగున థర్మోకోల్ షీట్లు పెట్టి, పైన మూత బిగిస్తే నష్టమే తగ్గుతుంది. కరెంటు బిల్లూ తగ్గుతుంది. కరెంటు పోయిన రాత్రుల్లో కూడా అదే కాపాడుతుంది.

తొట్టెకు వెళ్లే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఏ హీటరూ పెట్టకండి. గాజు పగిలితే నీటిలోకి నేరుగా కరెంటు వస్తుంది, ఆ నీటిలో మీరు చెయ్యి పెడతారు. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చే దిగుమతి సరుకుకు ఈ జాగ్రత్త మరీ అవసరం. తీగను సాకెట్టుకన్నా కిందికి వేలాడేలా వదిలితే, దాని వెంట జారే నీటిబొట్టు సాకెట్టులోకి పోకుండా నేల మీద పడుతుంది. నీళ్లు మార్చడానికి పావుగంట ముందే ప్లగ్గు తీయండి. వేడి గాజు గొట్టం గాలిలోకి తేలి, మళ్లీ చన్నీళ్లు తగిలితే చిట్లుతుంది.

మార్చిలో చలి వెళ్లగానే ప్లగ్గు పూర్తిగా తీసేయండి. గది 34 డిగ్రీలున్న మే నెలలో అతుక్కుపోతే 150 వాట్ల హీటరు ఒక్కటే నీటిని 40 దాటించగలదు. మళ్లీ నవంబరులో తీసినప్పుడు నేరుగా తొట్టెలో దించకుండా, ఇరవై లీటర్ల బకెట్‌లో ఎయిర్ పంపుతో నీటిని కదిలిస్తూ ఒక రోజంతా నడిపించి, థర్మామీటరు పెట్టి చూడండి. పెట్టిన అంకె దగ్గర ఆగనిదాన్ని బకెట్‌లోంచి తీసి నేరుగా చెత్తబుట్టలో వేయండి.