నీటి లెక్క, బొగ్గు లెక్క

సింగరేణి గనులలో బొగ్గును మోసికొనిపోవు కన్వేయరు బెల్టును చూచినవారికి అది నల్లని ప్రవాహమువలె కనబడును. ఈ పోలికయే లెక్కలలో చిక్కు తెచ్చుచున్నది. లోతును సాంద్రతతోను, గురుత్వ త్వరణముతోను గుణించిన పీడనము వచ్చునని విద్యార్థి నేర్చినాడు. ఇది నీటికి సరియే. బొగ్గు, ధాన్యము, ఇసుక వంటి రాశులకు సరికాదు. నీరు ఒక బిందువు వద్ద అన్ని దిక్కులకు సమానముగా ఒత్తును. రాశిలో కణముల నడుమ ఘర్షణ ఉన్నందున నిలువు ఒత్తిడి వేరు, ప్రక్క ఒత్తిడి వేరు.

మట్టిని నిలుపు గోడలకై కూలుంబ్ 1776లోను, రాంకిన్ 1857లోను సిద్ధాంతములు ప్రకటించిరి. గోడ వెనుకకు తొలగినచో ప్రక్క ఒత్తిడి తగ్గును. ఇది సక్రియ స్థితి. గోడను మట్టిలోనికి నెట్టినచో ఒత్తిడి పెరుగును. ఇది నిష్క్రియ స్థితి. అంతర్ఘర్షణ కోణము 30 డిగ్రీలైనచో, రాంకిన్ లెక్కన మొదటిది నిలువు ఒత్తిడిలో 1/3 వంతు; రెండవది 3 రెట్లు. అనగా 9 రెట్ల భేదము!

1974లో జర్మన్ పరిశోధకులు క్రౌజే, హెట్లర్ ఈ భావమునే బెల్టుకు అన్వయించిరి. దోనెవలె వంగిన బెల్టు రోలర్లను దాటగానే క్రుంగి, కొంచెము విచ్చుకొనును. తరువాతి రోలర్లను సమీపించునపుడు మరల ముడుచుకొనును. విచ్చుకొనునపుడు సక్రియ స్థితి, ముడుచుకొనునపుడు నిష్క్రియ స్థితి. నిలిచియున్న గోడను గూర్చిన శాస్త్రము కదలు బెల్టుకు పనికివచ్చుట ఈ నమూనాలోని సొగసు.

లోపమును లేకపోలేదు. బొగ్గు రాశి జారుటకు సిద్ధమైన అవధిని పూర్తిగా చేరినదని ఇది భావించును. కాని నిష్క్రియ స్థితి సంపూర్ణముగా ఏర్పడవలెనన్న చాలినంత కదలిక కావలెను. బెల్టు ముడుచుకొనుట స్వల్పమే. కావున ఆ 3 రెట్లను గరిష్ఠ హద్దుగా గ్రహించుట యుక్తము.

1979లో కండల్, స్ట్రాక్ ప్రకటించిన పద్ధతిలో కంప్యూటరు ఒక్కొక్క కణము చలనమును గణించును. అయినను బొగ్గు పెళ్లలను నున్నని గోళీలుగా భావించి, ఘర్షణ విలువలను కొలువక ఊహించినచో, బొమ్మ అందముగా నుండునే గాని నమ్మదగినది కాదు.

ఇది కేవలము పండితచర్చ కాదు. ప్రతి రోలరు వద్దను రాశి కదలి కొంత శక్తిని హరించును. ఒత్తిడిని తక్కువగా అంచనా వేసిన బేరింగులు త్వరగా చెడును; ఎక్కువగా వేసిన ధనము వృథా యగును.

ఉపాధ్యాయులు పీడన సూత్రము చెప్పునపుడు పళ్లెములో గుప్పెడు బియ్యము పోసి చూపుదురు గాక. బియ్యము కుప్పగా నిలుచును, నీరు నిలువదు. ఆ సూత్రమునకు హద్దు ఎక్కడనో విద్యార్థికి అక్కడనే తెలియును.