ఇండియనోలా తపాలా కచేరి

సిఫారసు ఉత్తరము కోరి నా యింటి గడప తొక్కువారు నెలకు ఒకరిద్దరైనను ఉందురు. “ఒక్క ముక్క వ్రాసి యిండు, చాలును” అని వారు వినయముగా నిలువబడియుండగా కలము చేతబట్టిన ప్రతిసారియు నాకొక సందేహము కలుగును: ఈ కొలువునకు జీతమిచ్చువాడను నేను గాను, రేపు ఆ కచేరికి పనికై పోయి పడిగాపులు పడువాడనును నేను గాను, ఇప్పింపుడని వ్రాయుటకు నాకేమి అధికారము? అట్టి వేళల అమెరికాలో మిసిసిపీ రాష్ట్రమందలి ఇండియనోలా యను చిన్న పట్టణపు తపాలా కచేరి నా మనస్సున మెదలును.

ఎన్నికలలో గెలిచిన పక్షము తనకై పాటుపడినవారికి కొలువులు పంచిపెట్టుట ఆ దేశమున బాహాటముగా సాగిన ఆచారము. కోరిన పదవి దక్కలేదను కక్షతో గిటో యనువాడు 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డును కాల్చగా, ఆయన మరణించిన పిదపగాని, పరీక్ష పెట్టి ఉద్యోగులను ఎన్నుకొనవలెనను పెండిల్టన్ చట్టము 1883లో వెలువడలేదు. అదియును తొలుత పదింట ఒక కొలువునకు మాత్రమే వర్తించెను. ఊరూర నుండు తపాలా కచేరులు ఇరువదవ శతాబ్ది ఆరంభమునను పక్షనాయకుల చేతిలోనివే. న్యూయార్కులోని టామనీ హాలు అను రాజకీయ సంఘపు నాయకుడు ప్లంకిట్, 1905లో అచ్చయిన తన ప్రసంగములలో, పరీక్షా పద్ధతి దేశమునకు పట్టిన శాపమనియు, సేవకు ఫలము దక్కనిచో యువకులలో దేశభక్తియే నశించుననియు మనఃపూర్వకముగా వాదించెను.

ఇండియనోలా పోస్టుమాస్టరు మినీ కాక్సు నల్లజాతి స్త్రీ. 1891లో అధ్యక్షుడు హారిసన్ ఆమెను నియమించుటయు రిపబ్లికన్ పక్షము పంచిన ప్రసాదమే. కాని ఆమె ఆ కొలువును నడపిన తీరు చూడుడు: తపాలా పెట్టె అద్దె బాకీపడినవారు చిన్నబుచ్చుకొనకుండ ఆ సొమ్ము తానే కట్టుచుండెను, ఉత్తరము వచ్చినదో లేదో జనులు ఇంటినుండియే అడిగి తెలిసికొనుటకై తన ఖర్చుతో కచేరిలో టెలిఫోను పెట్టించెను. అట్టి యామెను 1902లో తెల్లవారు కొందరు కొలువు వీడుమని బెదరింపగా, ఆమె ప్రాణమునకు తాము పూచీపడజాలమని ఊరి అధికారులు చేతులెత్తివేసిరి. ఆమె రాజీనామా పంపెను. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు దాని నంగీకరింపక, 1903 జనవరిలో కచేరినే మూయించి, ఊరివారి ఉత్తరములను దూరమందలి గ్రీన్విల్‌కు మరలించెను. ఆమె జీతము మాత్రము నిలుపలేదు. ఆమె పదవీ గడువు తీరిన పిదప, 1904లో, వేరొకని నియమించి తలుపులు తెరచిరి.

క్రమముగా పరీక్షా నియమము వ్యాపించెను. నాల్గవ తరగతి, అనగా మిక్కిలి చిన్న కచేరుల, పోస్టుమాస్టరులను 1908లో రూజ్వెల్టు కొంతవరకును, 1912లో అధ్యక్షుడు టాఫ్టు మిగిలినంతవరకును దాని క్రిందికి తెచ్చిరి. ఇక న్యాయము గెలిచినదని తలంతుము. కాని అధ్యక్షుడు విల్సన్ పాలనలో, 1914లో, దరఖాస్తుతోపాటు ఛాయాచిత్రము జతపరుపవలెనను నియమము పుట్టెను; ఆ పటమున ముఖవర్ణము చూచి, పరీక్షలో నెగ్గిన నల్లవారినిసైతము త్రోసిపుచ్చుటకు అది సాధనమయ్యెను. సిఫారసు తొలగిన వాకిట వర్ణద్వేషము కావలి కూర్చుండెను.

కాబట్టి పరీక్ష వలదని నేననను. వలయును, తప్పక వలయును. అయితే సిఫారసునకును పరీక్షకును పైన ఒక ప్రశ్న కలదు: ఈ మనిషి కూర్చుండగా కచేరి కిటికీకడకు వచ్చువారికి మేలు కలుగునా? ఆ ప్రశ్న మరచిన నియామకము, ఏ దారిని వచ్చినను, అన్యాయమే. అందుచేత నేను కన్నులార చూచిన పనిని గూర్చి తప్ప ఎవరికిని ఉత్తరము వ్రాయరాదని నిశ్చయించుకొంటిని. చదువరులారా, మీ కడకును ఎవరైన వచ్చి “ఒక్క ముక్క” అడిగినపుడు, కలము తీయుటకు ముందు, ఆ కిటికీ యెదుట వరుసలో నిలువబోవు ముఖమెరుగని మనుష్యులను ఒక్కమారు తలచుకొనుడు.