లోహం ఎక్కడిదో, పనితనం చిలకలపూడిది

నగల కొట్టులో బంగారు గొలుసు కొంటే బిల్లులో సింహభాగం లోహానికే పోతుంది. తరుగు, మజూరీ అని కలిపేది దాని పక్కన చిన్న మొత్తం. చిలకలపూడి కవరింగు గొలుసు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. లోపల రాగి, పైన కంటితో మందం అంచనా కట్టలేనంత పలచని బంగారు పూత. కొనేవాళ్లు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం మనుషులు చేసిన పనికి ధర. కృష్ణా జిల్లాలో రాగి గని లేదు, బంగారు గని లేదు. అయినా బందరు (మచిలీపట్నం) శివారులో ఒక పేట మొత్తం తరాల తరబడి నగలు చేసి బతికింది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న పెడనలోనూ ఇదే తీరు. తెల్లబట్ట ఎక్కడినుంచైనా రావచ్చు, దాన్ని కలంకారీ చేసేది పెడన చేతులు. దిగువ కృష్ణా డెల్టా అనగానే వరి, చేప, రొయ్య అని చెప్పేసి ఊరుకోవడం మనకు అలవాటు. చేతిపనుల సంగతి వస్తే పర్యాటక కరపత్రంలో ఒక బొమ్మ వేసి సరిపెడతాం. ఈ డెల్టాలో సెంటు భూమి లేనివాళ్లకు నిలువనీడ ఇచ్చింది ఈ పనులేననీ, వీటిని వారసత్వమని మెచ్చుకుని వదిలేయకుండా ఆర్థిక వ్యవస్థగా లెక్కించాలనీ నా వాదన.

ముందు నేల సంగతి చూడాలి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట ఈ ప్రాంతం వరి సీమగా మారింది. గుడివాడ రైలు జంక్షనుగా, బియ్యం మిల్లుల ఊరుగా ఎదిగింది. దివిసీమలో అవనిగడ్డ, చల్లపల్లి, నాగాయలంక, కోడూరు పంటనూ ఏటినీ సముద్రాన్నీ నమ్ముకున్నాయి. ఈ సంపద నిజమైనదే, పెద్దదే. కాకపోతే అది భూమి ఉన్నవాడి చేతికి ముందు వస్తుంది, కూలివాడికి నాట్లప్పుడూ కోతలప్పుడూ మాత్రమే అందుతుంది. కాలువ చివరి ఊళ్లకు నీళ్లు రాని ఏడు ఉంటుంది. పైగా ఇది తుపాన్ల దారి. 1864 నవంబరు 1న ఉప్పెన బందరు పట్టణాన్ని ముంచి ముప్పై వేల ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఉప్పునీరు ఎక్కిన పొలం కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. చేతిలో పని ఉన్నవాడు పనిముట్లు సమకూర్చుకున్న రోజునుంచి మళ్లీ సంపాదించగలడు.

బందరుకు చేతిపని కొత్త కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇదే వారి ప్రధాన రేవు. 17వ శతాబ్దం తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టింది ముఖ్యంగా బట్ట కోసం. ఇక్కడి అద్దకపు బట్ట పర్షియాకు, ఆగ్నేయాసియాకు, ఐరోపాకు వెళ్లింది. ఐరోపాలో దాని గిరాకీ ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్ల గోల తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, చాలక 1721లో మరోసారి చట్టం చేసింది. సముద్రం అవతలి ప్రభుత్వాలను చట్టాల దాకా తెచ్చిన సరుకు ఈ గడ్డమీది కరక్కాయ నీళ్లలో నానిందని ఆలోచిస్తే, దీన్ని కుటీర పరిశ్రమ అని చిన్నచూపు చూడబుద్ధి కాదు. తరవాత రేవు పూడింది, ఓడలు మద్రాసుకు, విశాఖకు మళ్లాయి. రేవు పోయినా ఊరు చావలేదు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడ చదువుతో పాటు చేతిపని నేర్పడానికి పూనుకుంది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇదే ఊళ్లో, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. రేవు లేని ఊరు కూడా డబ్బునూ పనినీ కూడగట్టుకోగలదని నమ్మినవాళ్లు అప్పుడు బందరులో ఉన్నారు.

చిలకలపూడి పేరు చెబితే భక్తులకు పాండురంగస్వామి గుడి గుర్తొస్తుంది, ఆడవాళ్లకు నగలు గుర్తొస్తాయి. ఆ నగ పని తీగతో మొదలవుతుంది. రాగి కడ్డీని సాగదీయడానికి కమ్మచ్చు కావాలి. అది ఉక్కు పలక, దానికి వరసగా ఒకదానికన్నా ఒకటి సన్నగా బెజ్జాలు. తీగ మొన అరగదీసి బెజ్జంలో దూర్చి, అవతలినుంచి పట్టకారుతో లాగుతారు. కొన్ని బెజ్జాలు దాటేసరికి రాగి బిరుసెక్కుతుంది. అప్పటికీ మొండిగా లాగితే తెగుతుంది, కాబట్టి ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ లాగాలి. కావలసిన సన్నానికి వచ్చాక తీగను ఇనప పుల్ల మీద పక్కపక్కన చుట్లుగా చుట్టి, ఆ చుట్టను నిలువునా కోస్తే చుట్టుకో రింగు రాలుతుంది. ఒక రింగులోంచి మరొకటి దూర్చి, మూతులు కలిపి, అతుకు లోహాన్ని వెలిగారంతో కలిపి అద్ది మంట తగిలించాలి. మంట చాలకపోతే అతుకు పట్టదు. ఒక్క క్షణం ఎక్కువైతే పక్క రింగు కూడా కరిగి కలిసిపోయి, గొలుసు కర్రలా బిగుసుకుపోతుంది. ఆ ఒక్క క్షణం ఎంతో పుస్తకంలో దొరకదు. మంట రంగు చూసి చెయ్యి తీసేయడం ఏళ్లు చేస్తేనే వస్తుంది.

పూత దగ్గర రెండు పద్ధతులున్నాయి. రోల్డుగోల్డు అన్న పేరుకు తగిన పద్ధతిలో రాగి లేదా ఇత్తడి దిమ్మకు బంగారు రేకును వేడితో, ఒత్తిడితో అతికించి, రెంటినీ కలిపి రోలర్ల మధ్య సాగదీస్తారు. దిమ్మ పదింతలు పలచబడితే దానిమీది బంగారమూ పదింతలు పలచబడుతుంది, అయినా ఊడదు. ఇప్పుడు ఎక్కువగా నడిచేది కరెంటు పూత. పూర్తిగా తయారైన నగను బంగారు లవణం కలిపిన ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపితే, ద్రావణంలోని బంగారం వచ్చి నగ మీద పేరుకుంటుంది. వినడానికి ఇది యంత్రం చేసే పనిలా ఉంటుంది. కానీ నగ మీద ఎక్కడైనా వేలిముద్రంత జిడ్డు మిగిలినా అక్కడ పూత నిలవదు. ద్రావణం వేడి, కరెంటు, ఉంచిన సేపు, వీటిలో ఏది మారినా రంగు మారుతుంది. రాగి మెల్లమెల్లగా పూతలోంచి పైకి చొచ్చుకొచ్చి నగను నల్లబరుస్తుంది. దాన్ని ఆపడానికి మధ్యలో నికెలు పొర వేయడం ఈ రంగంలో మామూలు. ఆ నికెలు పడక కొందరికి మెడ దురద పెడుతుంది. నిలిచే పూత, పడే పూత, చవకైన పూత మూడూ ఒకచోట కుదరడం కష్టం. పనివాడి తెలివి ఆ మూడింటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడంలో తెలుస్తుంది.

పెడన పనిలో ఓపిక ఇంకా పొడుగు. బట్టలోని గంజి పోగొట్టి, పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి ఎండబెట్టి తెలుపు చేస్తారు. తరవాత కరక్కాయ నీళ్లలో ముంచుతారు. కరక్కాయలోని వగరే ఈ విద్యకు పునాది. తుప్పు పట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి చేసిన కసింలో అచ్చు ముంచి ఆ బట్ట మీద వేస్తే, ఇనుమూ వగరూ కలిసి నల్లగీత తేలుతుంది. ఎరుపు కావలసినచోట పటిక ద్రావణంతో అద్దుతారు. అప్పుడు అక్కడ ఎరుపు జాడే ఉండదు. రంగునిచ్చే చెక్కతోనో వేరుతోనో కలిపి కాగులో ఉడికించినప్పుడు పటిక తగిలిన మేరే ఎరుపు పట్టుకుంటుంది. అంటే అద్దేవాడు ఇంకా పుట్టని రంగును మనసులో చూస్తూ అద్దాలి. అచ్చులు టేకువి. గీతకు ఒకటి, లోపలి ఒక్కో రంగుకు ఒక్కోటి. గోనె, బట్ట మెత్తగా పరిచిన బల్ల మీద అచ్చు ఆన్చి పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. మొదటి అచ్చు గీతలో రెండోది సరిగ్గా కూర్చోవాలి. ఉతుకుకు పారే నీళ్లు కావాలి, నిలవనీళ్లలో వదులైన రంగు తెల్లటి చోటికి అంటుకుంటుంది. ఒకప్పుడు ఎరుపుకు చిరివేరు వాడేవారు. కృష్ణా సాగరసంగమం దగ్గర గవ్వల సున్నం కలిసిన ఇసుక నేలలో పెరిగిన వేరుకు మంచి పేరుండేది. 1869లో జర్మనీలోనూ ఇంగ్లండులోనూ కృత్రిమ అలిజరిన్ చేయడం తెలిశాక ఆ వేరు తవ్వేవాళ్ల బతుకు తెరువు పోయింది. అద్దకం మాత్రం మిగిలింది, 1950ల తరవాత కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి పూనికతో మళ్లీ లేచింది.

ఈ రెండు పనుల బలాన్ని ఇంకోచోటితో పోల్చి చూడాలి. బల్గేరియాలో స్టారా జగోరా ప్రాంతపు కజన్లాక్ పట్టణం గులాబీ నూనెకు పేరుపడింది. కిలో నూనెకు మూడు వేల కిలోలకు పైగా పూలు కావాలి. తెల్లవారుజామున కోసిన పువ్వును వెంటనే బట్టీకి చేర్చాలి, కాబట్టి బట్టీ తోటకు దగ్గర్లోనే ఉండక తప్పదు. ఆ పరిశ్రమను అక్కడ కట్టిపడేసింది నేల. చిలకలపూడికి అలాంటి కట్టు ఏమీ లేదు. రాగి, రసాయనాలు, రాళ్లు ఏ ఊరికైనా వెళ్లగలవు. రాజ్‌కోట్‌లో, ముంబయిలో ఇదే సరుకు భారీ ఎత్తున తయారవుతోంది. అయినా ఇక్కడ పని నిలవడానికి కారణం, అది ఒకే కర్మాగారంలో కాకుండా ఇళ్ల మధ్య పంచుకుని ఉండటం. ఒక ఇంట్లో తీగ లాగుతారు, ఇంకో ఇంట్లో రింగులు అల్లుతారు, మరో ఇంట్లో ఆడవాళ్లు వంట ముగించుకుని కూర్చుని రాళ్లు అతుకుతారు, పూత ఇంకెక్కడో పడుతుంది. ఇంటి గడప దాటలేని మనిషికి కూడా ఇందులో ఒక వాటా దొరుకుతుంది. వరి డెల్టా ఇవ్వలేనిది ఇదే. దీని బలహీనతా ఇదే. ఆ వరసలో ఒక పని తెలిసినవాళ్లు తగ్గిపోతే మిగతా ఇళ్లన్నీ ఆగిపోతాయి.

నకిలీ నగను ఇంతగా మోయాలా అని అడిగేవాళ్లున్నారు. అమ్మేవాడు బంగారమని చెప్పి అమ్మితే అది మోసం. కవరింగును కవరింగని చెప్పి అమ్మితే, అలాగని తెలిసే కొంటే, ఎవరు ఎవరిని మోసగించినట్టు? మన ఊళ్లలో సూత్రాలు బంగారంవి, గొలుసు కవరింగుదిగా వేసుకునే ఆడవాళ్లు ఎందరో. అసలు గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంటుంది, లేదా రైలు ప్రయాణానికి భయపడి బీరువాలో ఉంటుంది, లేదా ఇంకా కొననే లేదు. ఆ మెడ బోసిగా లేకుండా చూసింది చిలకలపూడి. నాట్యానికి, నాటకానికి వేసుకునే నగలూ ఎక్కువగా ఈ జాతివే. బంగారం ధర సామాన్యుడికి అందనంత పెరిగిన ఈ రోజుల్లో ఇది చిన్న సేవ కాదు.

ఇంకో అభ్యంతరం బలమైనది, దాన్ని దాటవేయకూడదు. బంగారు పూత ద్రావణాల్లో సాధారణంగా సైనైడు లవణాలుంటాయి, నగ శుభ్రం చేయడానికి ఆమ్లాలు వాడతారు. ఈ రెండూ కలిస్తే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. ఆ నీళ్లు కాలువలో కలిస్తే దిగువన తాగేవాళ్లకూ చేపలకూ ముప్పు. అయితే ఇందుకు పరిష్కారం పనిని మూసేయడం అనుకోను. తీగ, అల్లిక, రాళ్ల పని ఇళ్లలోనే ఉండనిచ్చి, పూతను మాత్రం గాలి వెలుతురు ఉన్న షెడ్లకు, వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి ఏర్పాటు ఉన్న చోటికి మార్చాలి. పోతేపల్లిలో నగల పార్కు ఉండనే ఉంది. చిన్న పూతవాడు కూడా భరించగల అద్దెకు అలాంటి వసతి అందించడం ప్రభుత్వం పని. ఇక పెడన అచ్చు అద్దకానికి పోటీ అయిన స్క్రీన్ ప్రింటు మాటకొస్తే, చవక బట్ట చేసుకునే హక్కు ఎవరికైనా ఉంది. దానికి కలంకారీ పేరు తగిలించే హక్కు లేదు. మచిలీపట్నం కలంకారీకి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు దానంతటదే కొట్లలోకి వెళ్లి సరుకు తనిఖీ చేయదు, ఆ పనికి మనుషులను పెట్టాలి.

రేవు మళ్లీ వస్తోంది, ఇక ఈ పనులతో ఏం పని అనే మాటా వినిపిస్తోంది. 2023లో పనులు మొదలైన మచిలీపట్నం రేవును నేనూ స్వాగతిస్తాను. కానీ ఈనాటి రేవులో సరుకు దించేవి క్రేన్లు. రాళ్లు అతికే ఇల్లాలికి, అచ్చు వేసే ముసలాయనకు అందులో ఉద్యోగం రాదు. పాత బందరుకు ఓడలు వచ్చింది ఇక్కడ చేసిన సరుకు కోసం. కొత్త రేవునుంచీ బయటికి వెళ్లే వాటిలో ఇక్కడివాళ్లు చేసింది ఉండాలంటే, నేర్చుకునే కుర్రాడికి నేర్చుకునే కాలంలోనే కూలి, ఇంట్లో పనిచేసే ఆడవాళ్లకు కార్మికులుగా నమోదు, బీమా ముందు కావాలి. ఇవి అడగడానికి ప్రజాప్రతినిధులున్నారు. మనం కొట్లో చేయగలిగినదీ కొంత ఉంది. కవరింగు గొలుసు కొనేటప్పుడు పూత మందం ఎంతో, గ్యారంటీ ఎంతో రాసివ్వమనండి. పెడన చీర కొనేటప్పుడు అచ్చుదా, స్క్రీనుదా అని అడగండి. అచ్చుదైతే అడిగిన ధర ఇచ్చి తీసుకోండి.