ఫోటో చూసి గీసిన పాప

ఫోటో చూసి గీసిన పిల్లల బొమ్మను 'అచ్చు గుద్దినట్టుంది' అని మెచ్చుకుంటాం. విమర్శ అక్కడే ఆగితే ఎట్లా? ఆ పిల్లను ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నది అసలు ప్రశ్న.

1960 నవంబర్ 14న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్ల నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లవాళ్ల బడిలో అడుగుపెట్టింది. పక్కన ఫెడరల్ మార్షల్స్, ఎదురుగా తిట్లు లంకించుకున్న గుంపు. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. ఆ ఏడాదంతా టీచరు ముందు రూబీ ఒక్కతే కూర్చుంది. తండ్రి ఉద్యోగం పోయింది. నార్మన్ రాక్‌వెల్ దీన్ని బొమ్మ గీశాడు. 1964 జనవరిలో 'లుక్' పత్రిక అచ్చేసింది. దాని పేరును 'మనందరం కాపురం చేస్తున్న సమస్య' అని తెలుగు చేసుకోవచ్చు.

రాక్‌వెల్ మనుషుల్ని నిలబెట్టి, ఫోటోలు తీయించి, వాటిని చూసి గీసేవాడు. రూబీ ఆయన ముందు నిలబడలేదు. నిలబడింది ఆయన ఊరి నల్లపిల్ల. మరి బొమ్మ అబద్ధమా? కాదు. కెమెరా తనంతట తాను చెప్పని నిజం ఆయన చెప్పాడు. మార్షల్స్‌కు తలలు లేవు, భుజాల దగ్గరే కోసేశాడు. నిండుగా ఉన్నది పాప ఒక్కతే. గుంపు కనపడదు. గోడ మీద తిట్టు ఉంది, చితికిన టమాటా ఉంది. విసిరినవాడు ఎక్కడ? మనం నిలబడి చూస్తున్న చోటే! చూసేవాడిని సాక్షిగా కాదు, ముద్దాయిగా నిలబెట్టాడు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట అడగాలి. మొదటిరోజు రూబీ వెంట తల్లి ఉంది. బొమ్మలో తల్లేదీ? చుట్టూ సర్కారు మనుషులే మిగిలారు. పిల్లను బడికి పంపిన తెగువ తల్లిదండ్రులది, కాపాడిన పేరు మాత్రం రాజ్యానిది. సంస్కర్త కుంచెకు ఎప్పుడూ ఉండే జబ్బే ఇది.

మన సంగతి చూడండి. వాడపిల్లల బొమ్మలు పోస్టర్ల మీద ఎన్ని రాలేదు! చింపిరి జుట్టు, పెద్ద కళ్లు, చేతిలో పలక. ఫోటో ఎవరు తీశారు? పిల్లను అడిగారా? పేరు రాశారా? మనలో చాలామందికి చిన్ననాటి ఫోటో అంటే బడిలో తీసిన గ్రూపు ఫోటోనే. ఇంట్లో ఆల్బమ్ లేని పిల్ల, వేరేవాళ్ల కెమెరాలో జాలిబొమ్మ అయిపోతుంది. ఆ జాలిని చిత్రకారుడు పొల్లుపోకుండా దించితే దాన్ని వాస్తవికత అంటున్నాం.

పోలిక కుదిరితే చాలదు. పిల్ల పేరు కావాలి, పంపిన తల్లి కావాలి, టమాటా విసిరిన చెయ్యి ఎవరిదో తేలాలి. మన పిల్లల బొమ్మల్ని ఇకమీదట ఈ లెక్కనే చూద్దాం.